అక్కడి అన్న మాట

మా నాయన బడి అయ్యవారు. ఇంట్లో ఎవరైనా "ఆడ", "ఈడ", "యాడ" అంటే నెత్తిన మొట్టికాయ పడేది. "అక్కడ, ఇక్కడ, ఎక్కడ అనడానికి నోరు తిరగదా?" అనేవాడు. ఆ మొట్టికాయల పుణ్యమా అని హిందూపురంలో మా వీధిలో పుస్తకంలా మాట్లాడే పిల్లనని పేరు తెచ్చుకున్నాను. సరిహద్దు దాటి కర్ణాటకలో, పావగడ తాలూకాలో తిరుమణి పక్క పల్లెకు కోడలిగా వచ్చిన మూడో రోజుకే ఆ పేరు నవ్వులపాలైంది. చెంబు ఎక్కడుంది అని అడిగితే మా అత్త చేతిలో పని వదిలేసి మరీ నవ్వింది. నెల తిరిగేసరికి ఊరంతటికీ నేను "అక్కడ కోడలు" అయ్యాను. చాటున కాదు, మొహం మీదే అనేవాళ్ళు. నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. కానీ కొత్త కోడలు కోపం ఎవరి మీద చూపించుకుంటుంది? మింగేశాను. మింగిన కోపం అరగదని అప్పటికి తెలియదు.

ఇది ఎనభైలలో మాట. మా మామ వాళ్ళది పూర్వం గొర్రెలు కాసుకుని బతికిన ఇల్లు. నేను వచ్చేసరికి మంద పోయి వేరుశెనగ వచ్చింది. మంద కాలం నుంచి ఆయనకు మిగిలినవి రెండే: ఒక నల్ల కంబళి, కొండ అవతలికి వినబడే గొంతు. ఆయన మంచినీళ్ళు అడిగినా ఊరికి దొంగలు పడ్డట్టు ఉండేది. మాకు అలవాటైపోయి ఎవరమూ పట్టించుకునేవాళ్ళం కాదు.

నేను కాపురానికి వచ్చిన అయిదేళ్ళకు మా మరిదికి పెళ్ళయింది. ఆ అమ్మాయిది మధుగిరి వైపు. పుట్టింటి మాట తెలుగే. కానీ తల్లి చిన్నప్పుడే పోతే మేనత్త ఇంట్లో పెరిగిందట, ఆ మేనత్త మెట్టినిల్లు కన్నడం ఇల్లు. పెళ్ళిచూపుల్లో మేము అడిగి తెలుసుకున్నది అంతే. పని వచ్చా అంటే వచ్చన్నారు. అంతకన్నా అడగాలని ఎవరికీ తోచలేదు.

పని నిజంగానే వచ్చు. విత్తనం కాయలు మిషన్‌కు వేస్తే గింజ పగిలి మొలకెత్తదు, చేత్తోనే ఒలవాలి. మేమంతా బొటనవేలి గోరు వాచి మధ్యాహ్నానికే చేతులెత్తేస్తే, ఆమె ముందు మాత్రం పొట్టు కుప్ప నా మోకాలి ఎత్తు లేచేది. నాకు తోడికోడలంటే పోటీ అని చెప్పి పంపింది మా అమ్మ. ఈ పిల్ల పోటీకి రాలేదు. "అక్కా, అక్కా" అని నా కొంగు పట్టుకుని తిరిగింది. "అక్కడ కోడలు" అని నన్ను ఒక్కసారి కూడా అననిది ఆ ఊళ్ళో ఆమె ఒక్కతే.

వచ్చిన రెండో నెలలో, కాయలు ఒలుస్తూ ఉండగా వాకిట్లో ఎద్దు మీద మా మామ ఒక కేక వేశాడు. ఆమె చేతిలో కాయ జారిపోయింది. లేచి మూలకు పోయి, కంబళి లాక్కుని, దాని కింద ముడుచుకుని కూర్చుంది. దగ్గరికి పోతే కన్నడంలో ఏదో గొణుగుతోంది. ఆమె గొంతు కాదది. ఏడెనిమిదేళ్ళ పిల్ల గొంతు. గంటసేపటికి తనే లేచి వచ్చి చాట ముందు కూర్చుని, "ఎంత ఒలిస్తిమక్కా?" అని అడిగింది. మధ్యలో గంట పోయిందని ఆమెకు తెలియదు. కంబళి సంగతి చెబితే నేను ఆటపట్టిస్తున్నానని నవ్వింది.

ఇలా నెలకో రెండు నెలలకో ఒకసారి జరిగేది. ఊళ్ళో వాళ్ళు గాలి సోకిందన్నారు. కన్నడం మాట్లాడుతోంది గనక కన్నడం గాలి అన్నారు. దేవర పూని మాట చెప్పే ఆయన ఒకడు వచ్చి, మధుగిరి దారిలో బావిలో పడి చచ్చిన ఆడమనిషి ఈమెను పట్టుకుని బస్సెక్కి వచ్చిందని తేల్చాడు. నాకు నవ్వాగలేదు. కన్నడం ఆ ఊరికి బళ్ళో భాష, తాలూకా ఆఫీసులో భాష. దయ్యానికి ఆఫీసు భాష ఎందుకని అడిగాను. ఆయన వేపమండలు తీసుకుని కొట్టడానికి లేస్తే గడపకు అడ్డం నిలబడ్డాను.

"గాలీ లేదు, ధూళీ లేదు. బిడ్డ భయపడింది. మామయ్య కాస్త మెల్లగా మాట్లాడితే అదే పోతుంది" అన్నాను.

మా మామ ముందు అంత మాట అన్న కోడలు ఆ ఊళ్ళో అంతవరకూ లేదు. చదువుకున్న కోడలు కదా అని నా మాటకు విలువిచ్చారు, ఆ దేవర ఆయన్ను పంపించేశారు. ఆ విలువ చూసుకుని నేను చాలా మురిసిపోయాను. ఈ సంగతి ముందే చెప్పడం ఎందుకంటే, తర్వాత నేను చేసింది ఈ విలువతోనే చేశాను.

మరుసటి రెండేళ్ళూ వానలు లేవు. వేసిన విత్తనం కూడా తిరిగి రాలేదు. మగవాళ్ళు చెరువుల్లో మట్టి తవ్వే కరువు పనులకు పోయారు. ఇళ్ళల్లో అందరి నోళ్ళకూ పదునెక్కింది. ఆ వేసవిలో మా అత్త మెడలో పసుపుతాడు నానిపోయి తెగేలా ఉంటే, కొత్త తాడు మార్చాలనుకున్నారు. అప్పటిదాకా మెడ బోసిగా ఉండకూడదని దారానికి పసుపుకొమ్ము కట్టి వేసుకుని, రెండు తాళిబొట్లూ నల్లపూసలూ చిన్న కోడలి చేతికిచ్చింది. గుచ్చడానికి ఆ ఇంట్లో ఆమె వేళ్ళంత నేర్పు ఎవరికీ లేదు.

ఆమె నడవలో కూర్చుని గుచ్చుతోంది. వాకిట్లో మా మామకూ మరిదికీ ఎద్దులను అమ్మాలా వద్దా అని మాటా మాటా పెరిగింది. మేత లేదు, అమ్మకపోతే చస్తాయి. అమ్మితే వాన పడినప్పుడు ఏం కట్టి దున్నుతారు? మరిది కోపంతో నీళ్ళ బిందెను కాలితో తన్నాడు. అది బండ మీద దొర్లి నడవ గోడకు కొట్టుకుంది. మేమంతా వాకిట్లోకి పరిగెత్తాం. గొడవ సర్దుకుని లోపలికి వచ్చేసరికి ఆమె కంబళి కింద ఉంది. చాటలో కొత్త తాడు ఉంది, నల్లపూసలు ఉన్నాయి. బొట్లు లేవు.

సాయంత్రం ఆమె మామూలు మనిషి అయ్యాక అడిగాం.

"నాకెవరూ ఇయ్యలేదత్తా" అంది.

యాడ పెట్టినానో మర్చిపోయినానన్నా సరిపోయేది. ఇయ్యనే లేదంది. నా కళ్ళ ముందు ఇచ్చారు. పొద్దున్నుంచి జరిగింది మొత్తం ఆమెకు చెరిగిపోయిందని మాకేం తెలుసు? మా అత్త మొహం నల్లబడింది. పోయింది బంగారమని కాదు ఆమె బాధ. బొట్లు పోతే మొగుడికి ఏమవుతుందోనని. మా మామ ఆ పొద్దు తుమ్మినా ఉలిక్కిపడింది.

పొట్టు కుప్పలు చెరిగాం. పేడ దిబ్బ తవ్వాం. దూలాల సందుల్లో వెతికాం. నా తోడికోడలు కూడా మాతోపాటు వెతికింది, అందరికన్నా ఎక్కువగా, వేళ్ళు చీరుకుపోయేలా వెతికింది. మూడో రోజు పొద్దున ఇరుగుపొరుగు ఆడవాళ్ళు నలుగురు పరామర్శకు వచ్చారు. వాళ్ళను చూసి మా అత్త దుఃఖం ఆపుకోలేక, "నా మొగుడి ఆయుస్సు యాడ దాసిపెట్టినావే!" అని గట్టిగా అరిచింది. ఆ అరుపుకు ఈ పిల్ల మళ్ళీ మూలకు పోయింది.

నేను పక్కన కూర్చున్నాను. అప్పటికి నాకు ఇంకా జాలే. కంబళి కొద్దిగా తొలగించి, "భయం లేదు. బొట్లు ఎక్కడ పెట్టావో చెప్పు" అన్నాను.

ఆమె నా మొహంలోకి చూసింది. "అక్కడి" అంది.

"ఎక్కడ?"

"అక్కడి... అక్కడీలి."

వెనకాల ఎవరో కిసుక్కున నవ్వారు. "అక్కడ కోడలికి అక్కడే జవాబు సెప్పింది సూడప్పా!" అన్నారు. నలుగురూ నవ్వారు. అంత ఏడుపులోనూ మా అత్త పెదవి కూడా వంకర తిరిగింది.

ఏడేళ్ళుగా మింగింది ఒక్కసారిగా పైకి వచ్చింది. ఈ ఇంట్లో "ఆడ" అనకుండా "అక్కడ" అనే మనిషిని నేనొక్కదాన్నే. ఆ మాట ఆమె నోట వచ్చిందంటే నన్ను వెక్కిరించడానికి కాక మరెందుకు? నా మాట పట్టుకుని నన్నే ఆడిస్తోంది అనుకున్నాను. వెక్కిరించేటంత తెలివి ఉన్న మనిషికి భయమేమిటి, మరుపేమిటి? చెయ్యెత్తి చెంప మీద కొట్టాను. నా వేళ్ళు నొప్పిపుట్టేంత గట్టిగా.

లేచి నిలబడి అందరి ముందూ చెప్పాను. "గాలీ లేదు, భయమూ లేదు. అంతా నాటకం. దీనికి అన్నీ తెలుసు."

గడపకు అడ్డం నిలబడి కాపాడిన కోడలే ఆ మాట అన్నాక ఇంకెవరు కాదంటారు? మా మామ ఆ రోజే తేల్చేశాడు. "దాన్ని వాళ్ళ మేనత్తింట్లో వదిలిపెట్టి రారా" అన్నాడు మరిదితో. తెచ్చుకున్న మనిషిని వాపసు చెయ్యడానికి ఆ ఇంట్లో నా ఒక్క మాట సరిపోయింది.

ఆమె మధ్యాహ్నానికి మామూలుగా లేచింది. చెంప తడుముకుని, "ఏందో కుట్టినట్టుండాదక్కా. మంట పుడతాండాది" అంది.

"చీమేమో" అన్నాను.

బస్సుకు బయలుదేరేటప్పుడు నా చెయ్యి పట్టుకుంది. "నేను తియ్యలేదని నువ్వన్నా సెప్పక్కా. నీ మాట ఇంటారు" అంది. నేను మాట్లాడలేదు. అప్పటికీ నా కోపం తగ్గలేదు. ఇంత బాగా నటిస్తోందే అనుకున్నాను, నిజం చెప్పాలంటే.

ఆషాఢంలో వాన పడింది. పడితే రాత్రంతా పడింది. నేలలో ఆ పదును రెండు మూడు రోజులే ఉంటుంది, అందులోనే విత్తనం పడాలి. ఎద్దులను అమ్మలేదు గనక మా మడకే ముందు దున్నడానికి కదిలింది. నాకు విత్తనం గంప ఎత్తి ఇస్తూ మా అత్త కేకేసింది. "ఆ అక్కడి కుండ కూడా దించుకో!"

మా చేలల్లో వేరుశెనగ ఒక్కటే వెయ్యరు. కొన్ని సాళ్ళకొకటి చొప్పున కంది, అలసంద, అనుములు, ఆముదం కలిపిన సాలు ఒకటి పోస్తారు. వాన మోసం చేసి వేరుశెనగ పోయినా ఆ సాలు ఇంటికి పప్పు పెడుతుంది. దాన్ని కన్నడంలో అక్కడి సాలు అంటారు, మేమూ అదే అనేవాళ్ళం. ఆ గింజలను ఆడవాళ్ళు బూడిద కలిపి కుండకెత్తి, గుడ్డతో వాసెన కట్టి అటక మీద పెడతారు. వచ్చిన ఏడాది నుంచీ వింటున్న మాట అది. నా చేత్తో ఆరుసార్లు దించిన కుండ అది. వానలు లేని ఏడు గనక వేసవంతా దాన్ని ఎవరూ తాకలేదు.

వాసెన విప్పి చెయ్యి పెట్టాను. బూడిదలో, అలసందల మధ్య, రెండు బొట్లు.

అక్కడీలి. కన్నడంలో, అక్కడి గింజల్లో అని అర్థం. అడిగిన ప్రశ్నకు నేరుగా జవాబు చెప్పింది. రెండుసార్లు చెప్పింది. ఆ భయంలో ఉన్నప్పుడు మాత్రమే ఆమెకు తెలుసు, తెలిసిన వెంటనే చెప్పింది. నాకు కన్నడం రాదా? వచ్చు. ఆమె ఆ స్థితిలో కన్నడం తప్ప మాట్లాడదని తెలియదా? అందరికన్నా నాకే ఎక్కువ తెలుసు. నా పేరు వినబడ్డాక నాకు ఇంకేదీ వినబడలేదు.

మా అత్త బొట్లు కళ్ళకద్దుకుంది. "దేవుడు సల్లంగ సూసినాడు" అంది. మరిదిని వెంటనే పంపమన్నాను. "పదును పోతాదమ్మా, విత్తనం పడనీ" అన్నాడు మామ. ఆయన తప్పేమీ లేదు, రెండేళ్ళ తర్వాత పడిన వాన. విత్తడం అయ్యాక నాలుగో రోజు మరిది పోయి తీసుకొచ్చాడు.

ఆ మూడు నెలలూ ఆమెను ఏ ఇంటికి పంపామో వచ్చాక తెలిసింది. చిన్నప్పుడు ఆ ఇంట్లో ఏ వస్తువు కనబడకపోయినా మేనత్త చేతికి ముందు దొరికేది ఈ పిల్లేనట. అందుకని గొడవ మొదలైతే చాలు, చేతిలో ఉన్న విలువైన వస్తువును ముందు గింజల కుండలో దాచేదట. ఇది మరిదికి ఆ ఊళ్ళో ఒక ముసలమ్మ చెప్పింది. ఆమెకు మాత్రం గుర్తు లేదు. "మా మేనత్త బాగానే సూసుకున్యాది" అనేది. ఒళ్ళు సగమైంది. అంతకు ముందు నెలకోసారి వచ్చే ఆ భయం వారానికోసారి రాసాగింది. కేకలే అక్కర్లేదు, తలుపు గడియ పడినా చాలు. మా మామ ఇంట్లోకి వస్తూ గొంతు తగ్గించుకోవడం నేర్చుకున్నాడు. చేతులు కాలాక ఆకులు.

తొంభైలు సగం దాటాక మరిదినీ ఆమెనూ వెంటబెట్టుకుని బెంగళూరు పెద్దాసుపత్రికి పోయాను. అక్కడ ఒక డాక్టరమ్మ మూడు పూటలు ఓపిగ్గా విన్నది. నీకు ఇంట్లో ఎవరు తోడు అని అడిగితే ఈమె నన్ను చూపించింది.

"మా అక్కే. బొట్లు పోయినాయని ఊరంతా నన్ను దొంగంటే అక్కొకతే నన్ను నమ్మింది. నన్ను పంపించే పొద్దు గొంతు పూడుకపోయి మాట కూడా రాలేదు అక్కకు" అంది.

ఆమెను బయట కూర్చోబెట్టి, ఒంటరిగా లోపలికి పోయి డాక్టరమ్మకు జరిగింది చెప్పాను. ఆమె నన్ను తిట్టి ఉంటే బాగుండేది. మెల్లగా వివరించింది. చిన్నప్పుడే భరించలేనంత భయం పడ్డవాళ్ళలో కొందరికి ఇలా జరుగుతుందట. భయంలో ఉండగా చూసింది, విన్నది, చేసింది మళ్ళీ ఆ భయంలోనే గుర్తొస్తుంది. నెమ్మదిగా ఉన్నప్పుడు ఎంత గుచ్చి అడిగినా దొరకదు. అబద్ధం కాదు, దాచడమూ కాదు. ఒకే కాయలో రెండు గింజలుండి, మధ్యలో నొక్కు ఉన్నట్టు అనుకున్నాను నేను. "మీకూ నాకూ కూడా కోపంలో విన్నది ఆ కోపంతోనే గుర్తుంటుంది కదా, వీళ్ళలో అది మరీ బిగుసుకుపోతుంది, అంతే" అంది డాక్టరమ్మ.

ఆ మాట నాకు తగిలింది. బొట్లు దొరికిన తర్వాత కూడా చాలా ఏళ్ళు నా చెవిలో ఆమె "అక్కడి" అన్నది వెక్కిరింపుగానే వినబడేది. నిజం తెలిసినా గొంతు మారలేదు. ఇప్పుడు తలుచుకుంటే వణుకుతున్న పిల్ల గొంతు వినబడుతుంది. ఏది అసలుదో నేను ఒట్టేసి చెప్పలేను. నాకు ఏ జబ్బూ లేదు.

"ఆమెకు చెప్పి క్షమించమని అడగొచ్చా?" అన్నాను.

"అడగండి. కానీ ఎవరికో జరిగిన కథలా వింటుంది. దెబ్బ తిన్న మనిషికి చెప్పాలంటే, ఆమె ఆ భయంలో ఉన్నప్పుడు చెప్పాలి" అంది డాక్టరమ్మ.

తిరుగు బస్సులో మరిది ముందు సీట్లో నిద్రపోయాడు. ఆమె నా పక్కన కూర్చుని, ఒడిలో పొట్లం విప్పి ఉడకబెట్టిన కాయలు ఒలుస్తోంది. అంతా చెప్పేశాను. కొట్టింది నేనేనని, చీమ కాదని, నాటకమన్నది నేనేనని, పంపించింది నా మాటేనని. ఆమె ఒలవడం ఆపకుండానే విని, నవ్వింది.

"నీకేం పిచ్చి పట్టిందక్కా? నువ్వు కొట్టింటే నాకు తెల్దా? ఎవరో సేసింది నీ మీద ఏసుకుంటాండావు."

"నిజంగానే చెబుతున్నాను."

"నువ్వెట్లాంటిదానివో నాకు తెలుసులే" అని ఒలిచిన గింజలు నా అరచేతిలో పెట్టింది.

ఆ పక్కనే, అదే సీట్లో, నేను కొట్టిన మనిషి కూడా కూర్చుని ఉంది. ఆమెకు అన్నీ గుర్తున్నాయి. నా గొంతు ఒక్కసారి పెంచితే చాలు, ఆమె వస్తుంది. వచ్చి, మొహానికి చేతులు అడ్డం పెట్టుకుని నా క్షమాపణ వింటుంది. ఆ గొంతు పెంచడం నా చేత కాలేదు. గింజలు తిన్నాను. బాగున్నాయా అక్కా అని అడిగితే, బాగున్నాయన్నాను.